తండ్రి పీఎఫ్ సొమ్ము కోసం పిల్లలే ఎందుకు తిరగాలి?

శ్రీసత్యసాయి జిల్లా నంబులపూలకుంట మండలంలో వాన మొహం చాటేస్తే జనం బెంగళూరు బస్సెక్కుతారు. గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుపనికో, అపార్ట్‌మెంట్ల దగ్గర సెక్యూరిటీ డ్యూటీకో కుదురుకుంటారు. కొందరు హిందూపురం పక్కన తూముకుంట పారిశ్రామికవాడకు, మరికొందరు పెనుకొండ దగ్గర కియా చుట్టూ వెలసిన విడిభాగాల కర్మాగారాలకు వెళ్తారు. సొంత మండలంలోనే 250 మెగావాట్ల ఎన్టీపీసీ సోలార్ కేంద్రం 2016లో వచ్చింది. ఈ చోట్ల దొరికే కొలువుల్లో జీతం నుంచి నెలనెలా పీఎఫ్ కోస్తారు. ఆ మనిషి హఠాత్తుగా కన్నుమూస్తే మాత్రం రావాల్సింది ఎంత, ఎవరిని అడగాలన్నది పిల్లలకు చెప్పేవారుండరు.

దేశవ్యాప్తంగా లావాదేవీలు నిలిచిపోయిన పీఎఫ్ ఖాతాల్లో 2018-19లో రూ.1,638 కోట్లు ఉండగా, 2023-24 నాటికి అది రూ.8,505 కోట్లకు చేరిందని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ఇదంతా చనిపోయినవారిదే కాదు. కానీ ఖాతాదారు మరణించాక మూడేళ్లలోపు ఎవరూ క్లెయిమ్ చేయకపోతే ఆ ఖాతా కూడా ఈ జాబితాలోకే చేరుతుంది, వడ్డీ ఆగిపోతుంది.

పైగా రావాల్సింది పీఎఫ్ నిల్వ ఒక్కటే కాదు. ఉద్యోగి పైసా కట్టకపోయినా 1976 నాటి ఈడీఎల్ఐ పథకం కింద బీమా ఉంటుంది. మరణానికి ముందు ఏడాది పాటు ఎడతెగక పనిచేసి ఉంటే కుటుంబానికి కనీసం రూ.2.5 లక్షలు, గరిష్ఠంగా రూ.7 లక్షలు వస్తాయి. 1995 పింఛను పథకం కింద భార్యకు పింఛను, 25 ఏళ్లు నిండేవరకు ఇద్దరు పిల్లలకు వేరుగా పింఛను అందుతాయి. తల్లీతండ్రీ ఇద్దరూ లేని పిల్లలకైతే అది నెలకు కనీసం రూ.750. ఐదేళ్ల సర్వీసు లేకపోతే గ్రాట్యుటీ రాదనుకోవడమూ పొరపాటే. మరణించినప్పుడు ఆ షరతు వర్తించదు. ఉదాహరణకు రూ.13,000 జీతంతో నాలుగేళ్లు పనిచేసిన వ్యక్తి చనిపోతే, ఏడాదికి 15 రోజుల వేతనం లెక్కన రూ.30,000 ఇవ్వాలి. కూలిపని మీద బతికే ఇంటికి ఇవి చిన్న మొత్తాలు కావు.

అడ్డంకులు మొదటి కాగితం నుంచే ఎదురవుతాయి. కంపెనీ మారినా మారని యూఏఎన్ నంబరు 2014లో వచ్చింది. అంతకుముందు కంపెనీ మారిన ప్రతిసారీ కొత్త పీఎఫ్ నంబరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పీఎఫ్ రికార్డులో పొడి అక్షరమే ఉంటుంది. ఖాతా బెంగళూరు కార్యాలయం పరిధిలో ఉంటే, పేరు సరిచేయించుకోవడానికే కూలి పోగొట్టుకుని తిరగాలి. నామినీ లేకపోతే ఇంకో చిక్కు. ఇంట్లో అర్హులైన ఇతర సభ్యులు ఉంటే మేజరైన కొడుకుకు, భర్త ఉన్న కూతురికి పీఎఫ్‌లో వాటా ఉండదు. ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఇచ్చిన దేశంలో ఈ 1952 నాటి నిబంధన ఇంకా కొనసాగడం అన్యాయం.

మరణం సంగతి ప్రభుత్వానికి తెలియదా అంటే, బాగానే తెలుసు. మరణించినవారి ఆధార్ నంబర్లు రెండు కోట్లకు పైగా రద్దు చేశామని 2025 నవంబరులో ఆధార్ సంస్థ ప్రకటించింది. పీఎఫ్ ఖాతాకూ అదే ఆధార్ ముడిపడి ఉంది. నంబరు రద్దు చేయడానికి అందిన సమాచారం, వారసులకు ఒక ఉత్తరం పంపడానికి ఎందుకు అందదు? మన రాష్ట్రంలోనే ఇందుకు దారి ఉంది. ఎన్టీఆర్ భరోసా పింఛను తీసుకునే భర్త చనిపోతే భార్యకు పింఛను మంజూరు చేసే పద్ధతి 2024 చివర్లో మొదలైంది. ఊరి సచివాలయం చేయగలిగిన పని, కోట్ల ఖాతాలను కంప్యూటర్లలో నడిపే పీఎఫ్ సంస్థకు అసాధ్యం కాదు.

కాబట్టి చేయాల్సింది స్పష్టమే. పంచాయతీలో మరణం నమోదైన వెంటనే ఆ సమాచారం పీఎఫ్ సంస్థకు చేరాలి. రావాల్సిన మొత్తాల వివరం తెలుగులో రాసి కుటుంబానికి సచివాలయం ద్వారా అందించాలి. ప్రతి నెలా 27న జిల్లాల్లో పీఎఫ్ అధికారులు నిర్వహించే ‘నిధి ఆప్కే నికట్’ శిబిరాలను నంబులపూలకుంట వంటి మండలాలకు తేవాలి. కాంట్రాక్టు కార్మికుడి పీఎఫ్‌కు ప్రధాన యజమానిదే అంతిమ బాధ్యత అని సోలార్ కేంద్రాలకూ పరిశ్రమలకూ గట్టిగా గుర్తుచేయాలి.

ఈలోగా కుటుంబాలు చేయగలిగిందీ ఉంది. అమ్మో నాన్నో ఎక్కడైనా జీతానికి పనిచేసి చనిపోయి ఉంటే పాత జీతం చీటీ, గుర్తింపు కార్డు, బ్యాంకు పాసుపుస్తకం వెతకండి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. కంపెనీ మూతపడినా గెజిటెడ్ అధికారి లేదా బ్యాంకు మేనేజరు ధ్రువీకరణతో దరఖాస్తు పంపవచ్చు. ఏళ్లు గడిచాయని వదిలేయకండి. అసలు సొమ్ము మీదున్న హక్కు ఆలస్యమైనంత మాత్రాన పోదు.