రాతిని చదివే చదువు

కృత్రిమ మేధ ముందుగా ఎవరి కొలువుకు ఎసరు పెడుతుంది, పర్యావరణ ఇంజినీరుకా, భూగర్భ శాస్త్రవేత్తకా? జవాబు మన దగ్గరే ఉంది. పటిక, సున్నంతో నీటిలో ఫ్లోరైడును తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’ని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించింది. నీటిలో ఫ్లోరైడు, క్షారత ఎంతో తెలిస్తే పటిక మోతాదు పట్టికలోనే దొరుకుతుంది. ఇలాంటి లెక్కలు యంత్రానికి తేలిక కనుక మొదటి దెబ్బ పర్యావరణ ఇంజినీరుకే. అయినా ఆ శుద్ధిలో మిగిలే బురదను ఎక్కడ వేయాలో తేల్చాల్సింది అతనే. మరి భూగర్భ శాస్త్రవేత్త చూసే సర్వే సంకేతాలనూ యంత్రం చదువుతుంది కదా అంటారు. నిజమే, కానీ నేల లోపల ఉన్నది నీరా, బంకమన్నా అన్నది బోరు వేసి, రాతిని చేతబట్టి చూస్తేనే ఖాయమవుతుంది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమ గట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో, సుమారు 14 కిలోమీటర్ల లోపల, కప్పు కూలి 8 మంది చిక్కుకుపోయారు. నేల లోపలి అంచనా తప్పితే పోయేది ప్రాణాలే. జియాలజీ విద్యార్థులను కంప్యూటర్ ముందే కూర్చోబెట్టకండి, నల్లమల కొండల్లోకీ పంపండి.