కోర్టు సాంకేతికతకు సొంత సారథి కావాలి

దేశంలోని జిల్లా, దిగువ కోర్టుల్లో నాలుగు కోట్లకు పైగా కేసులు పెండింగులో ఉన్నాయి. తన కేసు ఏ దశలో ఉందో, వాయిదా ఎప్పుడో తెలుసుకోవడానికి కక్షిదారు ఇప్పుడు ఒక పూట కూలి పోగొట్టుకోనక్కర్లేదు. పదహారు అంకెలు, అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు కొడితే ఫోన్లోనే కనిపిస్తుంది. 2007లో మొదలైన ఈ-కోర్టుల ప్రాజెక్టు సాధించిన మేలు ఇది. దాని మూడో దశకు 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం రూ.7,210 కోట్లు ఆమోదించింది. అందులో రికార్డుల స్కానింగ్, డిజిటలీకరణ వాటాయే రూ.2,038 కోట్లు. ఇంత సొమ్మును, ఇన్ని తరాల దస్త్రాలను ఎవరి చేతికి అప్పగిస్తున్నామో ఇప్పుడైనా ఆలోచించాలి.

హైకోర్టుల్లో ఈ ప్రాజెక్టు బాధ్యత సెంట్రల్ ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌ది. సాధారణంగా ఆ కుర్చీలో కూర్చునేది న్యాయాధికారి. తీర్పులు రాయాల్సిన మనిషి సర్వర్లు, టెండర్ల పని నేర్చుకుంటారు; పట్టు చిక్కేసరికి బదిలీ అవుతారు. తర్వాత వచ్చినవారు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. కేసుల నమోదు సాఫ్ట్‌వేర్ సీఐఎస్‌ను రూపొందించింది ఎన్‌ఐసీ. అది కేంద్ర ప్రభుత్వ సంస్థ. న్యాయస్థానాల్లో అతి పెద్ద కక్షిదారు ప్రభుత్వమే. ఆ సంస్థ ఇంజినీర్ల కృషిని తక్కువ చేయడం లేదు. కానీ కోర్టు దస్త్రాలపై నిర్ణయాధికారం, వాటిని కాపాడే నైపుణ్యం రెండూ న్యాయవ్యవస్థ సొంతం కావాలి.

న్యాయ ప్రక్రియ తెలిసినవారే సారథ్యం వహించాలన్న వాదన ఉంది. విధానం నిర్ణయించాల్సింది నిస్సందేహంగా న్యాయమూర్తులే. అమలు మాత్రం వేరే విద్య. బాధితురాలి పేరు బయటపడకుండా చూడటం, ఈ-ఫైలింగ్ ఆగిపోతే గడువు మించిపోకుండా ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉంచడం, దాఖలైన పత్రం మారలేదని రుజువు చేయగలగడం ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్నవారికే సాధ్యం. 2020లో కొవిడ్ వేళ విచారణలు వీడియోకు మళ్లినప్పుడు ఆ నైపుణ్యం విలువ అందరికీ తెలిసొచ్చింది. అమెరికాలోని రాష్ట్ర కోర్టుల్లో ముఖ్య సమాచార అధికారి పదవి ఎప్పటినుంచో ఉంది. మన దగ్గర ప్రతిభావంతుడైన ఇంజినీరుకు కోర్టులో అలాంటి ఎదుగుదల దారి కనిపించదు. ఒప్పంద ఉద్యోగం, ఏటా పొడిగింపు కోసం ఎదురుచూపు చూపించి మంచివారిని నిలుపుకోలేం.

ప్రతి హైకోర్టులోనూ రిజిస్ట్రార్ హోదాతో సాంకేతిక అధిపతి పదవిని సృష్టించాలి. జిల్లా కోర్టు సిస్టమ్ అధికారి నుంచి ఆ స్థాయి వరకు పదోన్నతులున్న శాశ్వత కేడర్ ఏర్పాటు చేయాలి. ఆ అధిపతి ప్రధాన న్యాయమూర్తికి మాత్రమే జవాబుదారీగా ఉండాలి. కొనుగోళ్ల లెక్కలు, సేవలు ఆగిపోయిన సందర్భాల వివరాలు ఏటా ప్రజల ముందుంచాలి. హైకోర్టు సిబ్బంది నియామకాల అధికారాన్ని రాజ్యాంగంలోని 229వ అధికరణ ప్రధాన న్యాయమూర్తికే ఇచ్చింది. జీతభత్యాల నిబంధనలకు గవర్నరు ఆమోదం కావాలి కనుక రాష్ట్ర ప్రభుత్వాలూ కలిసిరావాలి.

2019 జనవరి 1న వేర్వేరుగా పని మొదలుపెట్టిన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టులు ఈ విషయంలో దేశానికి దారి చూపగలవు. మూడో దశ నిధులు యంత్రాలకు ఖర్చయిపోయి, వాటిని నడిపే మనుషులు లేకుండా పోతే ఆ నష్టం కక్షిదారుదే. వచ్చే బడ్జెట్లోనే ఈ పోస్టులు మంజూరు కావాలి.