ముల్లు చెప్పినది, మేము అనుకొన్నది



గత నెల మా సంఘ యౌవనస్థుల కూడికలో ఇంటర్మీడియట్ చదువుచున్న ఒక తమ్ముడు లేచి, "సార్, విశ్వం వయసు మొన్న ఒకటి చెప్పిండ్రు, ఇయ్యాల ఇంకోటి అంటున్నరు. నక్షత్రాలు పేలితే కొలిచి చెప్తున్నమంటరు. గా కొలతనే మారుతుంటే ఎట్ల నమ్మాలె?" అని అడిగాడు. కూడిక ముగించు వేళ అయినందున సరిగా జవాబు చెప్పలేకపోయాము. పళ్ల డాక్టర్లకు నక్షత్రములతో ఏమి పని అని కొందరు నవ్వారు కూడా. అయితే ఆ ప్రశ్న మా క్లినిక్‌లో జరిగిన ఒక సంగతిని జ్ఞాపకము చేసింది. దానిని ఇంతవరకు ఈ శీర్షికలో వ్రాయలేదు. సిగ్గుపడి వ్రాయలేదు అనుటయే నిజము.

ఖానాపూర్‌లో మాది రెండు గదుల క్లినిక్. భార్యాభర్తలము ఇద్దరమూ దంతవైద్యులమే. సహాయమునకు ఒక చెల్లెమ్మ ఉన్నది. కడెం, పెంబి, దస్తురాబాద్ వైపు పల్లెల నుండి వచ్చేవారే ఎక్కువ. పన్ను నొప్పిని ఓర్చుకొని ఓర్చుకొని, దవడ వాచిన తరువాత గాని బస్సు ఎక్కరు. అప్పటికి పన్ను తీయుట తప్ప వేరే దారి ఉండదు. కాబట్టి మా పనిలో పట్కారులు, వాటిని శుద్ధి చేయుట పెద్ద భాగము.

పన్ను తీసిన పట్కారును కడిగి, సంచిలో మూసి, ఆటోక్లేవ్‌లో పెడతాము. ఆటోక్లేవ్ అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ అనుకోండి. 15 పౌండ్ల ఆవిరి ఒత్తిడి దగ్గర లోపలి వేడి 121 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలో 30 నిమిషములు ఉంచుతాము. కామెర్లు తెచ్చే హెపటైటిస్ క్రిములే గాక, మామూలుగా ఉడకబెట్టినా చావని మొండి క్రిములు కూడా అందులో చస్తాయి. ఇది సరిగా జరిగినదో లేదో తెలియుటకు సంచి మధ్యలో ఒక చిన్న కాగితపు పట్టీ పెట్టాలి. తగినంత వేడి తగినంత సేపు తగిలితేనే దాని రంగు మారుతుంది.

ఒకసారి ఆ పట్టీలు అయిపోయాయి. కొత్తవి తెప్పించుటకు డబ్బు కట్టాము గాని డబ్బా రాలేదు. మీటరు ముల్లు రోజూ 15 దగ్గరకు వచ్చి నిలుచుచున్నది గదా, ఇంక భయమేమి అనుకొని పని ఆపలేదు. పద్నాలుగు రోజులు అట్లే గడిచాయి. డబ్బా వచ్చిన ఉదయము మొదటి పట్టీ పెట్టి చూస్తే రంగు మారలేదు. పట్టీ చెడ్డదేమో అని మరొకటి పెట్టాము. అదీ మారలేదు. మూడవదీ అంతే. ముల్లు మాత్రము 15 దగ్గరనే ఉన్నది.

మెకానిక్ వచ్చి విప్పి చూపించాడు. లోపలి గాలి బయటికి పోవు వాల్వులో సున్నపు పొర పేరుకొని ఉన్నది. డిస్టిల్డ్ వాటర్ బదులు అప్పుడప్పుడు బోరు నీళ్లు పోసిన తప్పు మాదే. గాలి పూర్తిగా పోకుండా ఆవిరితో కలిసి ఉంటే, ఒత్తిడి 15 పౌండ్లకు వస్తుంది గాని వేడి రాదు. గాలి సగమే బయటికి పోతే అదే 15 పౌండ్ల దగ్గర వేడి 112 డిగ్రీలే ఉంటుంది. ముల్లు అబద్ధము చెప్పలేదు. అది ఒత్తిడిని చెప్పింది. మేము దానిని వేడి అనుకొన్నాము.

ఆ రోజు రోగుల రిజిస్టరు తీసి చూస్తే, ఆ పద్నాలుగు రోజులలో 46 పేర్లు ఉన్నాయి. ఆ పేర్ల సంగతి తరువాత చెబుతాము. ముందు తమ్ముని ప్రశ్నకు రావాలి, ఎందుకంటే నక్షత్రములను కొలుచువారి చిక్కు కూడా సరిగ్గా ఇటువంటిదే.

ఆకాశములో దూరమును టేపు పెట్టి కొలువలేము గదా. మన చేతికి వచ్చేది వెలుగు ఒక్కటే. వెలుగును కొలిచి దానిని దూరముగా చదువుకొంటారు. సదర్మాట్ దగ్గర రాత్రివేళ నిలిచి గోదావరి ఆవలి ఒడ్డున ఒక బల్బును చూస్తున్నామనుకోండి. అది 60 వాట్ల బల్బు అని ముందే తెలిస్తే, ఎంత మసకగా కనిపించుచున్నదో దానిని బట్టి దూరము లెక్క వేయవచ్చును. దూరము రెండింతలైతే వెలుగు నాలుగవ వంతు అవుతుంది. అయితే నది మీద మంచు కమ్మితే బల్బు మసకబారుతుంది, మనము అది ఇంకా దూరమున ఉన్నదని పొరబడతాము. అది నిజముగా 60 వాట్లదేనా, 100 వాట్లదా అన్నది మరొక చిక్కు.

ఆకాశములో అట్టి బల్బుగా పనికివచ్చేది ఒక రకపు సూపర్నోవా. దానిని టైప్ వన్-ఎ అంటారు. ఇంధనము అయిపోయి కుంచించుకొని పోయిన నక్షత్రమును శ్వేత కుబ్జము అంటారు. దాని బరువునకు ఒక హద్దు ఉన్నది, సూర్యుని బరువునకు సుమారు 1.4 రెట్లు. ఈ హద్దును లెక్కగట్టినవాడు మన దక్షిణాది బిడ్డయే. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1930లో పంతొమ్మిదేండ్ల ప్రాయములో ఇంగ్లండుకు ఓడలో పోవుచు ఈ లెక్కలు చేసుకొన్నాడు. శ్వేత కుబ్జము పక్కనున్న నక్షత్రము నుండి పదార్థమును లాగుకొని ఆ హద్దునకు దగ్గరపడితే మొత్తముగా పేలిపోతుంది. ఆ పేలుడు కొన్ని దినములపాటు దాదాపు 500 కోట్ల సూర్యులంత వెలుగుతుంది. అందుకే అంత దూరము నుండి కనబడుతుంది.

అన్నీ ఒకే వాట్ల బల్బులా? కావు. 1993లో మార్క్ ఫిలిప్స్ అను శాస్త్రజ్ఞుడు చూపినదేమంటే, ఎక్కువ ప్రకాశముతో పేలినవి మెల్లగా చల్లారుతాయి, తక్కువ ప్రకాశము గలవి త్వరగా చల్లారుతాయి. కాబట్టి వెలుగు ఒక్కటి చూస్తే చాలదు. రాత్రి తరువాత రాత్రి చూచి, ఎంత త్వరగా తగ్గిపోవుచున్నదో కూడా కొలువవలెను. మంచు సంగతి చూస్తే, అంతరిక్షములో ధూళి ఉన్నది. ధూళి వెలుగును తగ్గించడమే గాక ఎర్రబరుస్తుంది, సాయంకాలపు సూర్యుని వలె. అందుచేత వేరు వేరు రంగుల అద్దముల గుండా కొలిచి, ఎంత ఎర్రబారినదో తీసివేస్తారు. మా పట్టీ చేసిన పని వారికి ఈ రంగుల కొలత చేస్తుంది.

1990లలో రెండు బృందములు ఈ పని మీద ఉన్నాయి. సాల్ పెర్ల్‌మట్టర్‌ది ఒకటి. బ్రయన్ ష్మిట్, ఆడం రీస్ మొదలైనవారిది మరొకటి. ఒకరికొకరు పోటీదారులు. విశ్వము విస్తరించుచున్నది గాని, గురుత్వాకర్షణ వలన ఆ వేగము తగ్గుచుండవలెనని అందరూ తలచారు. ఎంత తగ్గుచున్నదో తేల్చుటయే వారి పని. 1997లో పెర్ల్‌మట్టర్ బృందము తమ మొదటి ఏడు దూరపు సూపర్నోవాలతో లెక్క ప్రచురించింది. విశ్వములో పదార్థము చాలా ఉన్నది, వేగము బాగా తగ్గుచున్నది అను వైపునకే ఆ లెక్క మొగ్గింది. తరువాత సూపర్నోవాల సంఖ్య 42కు పెరిగే సరికి లెక్క తలక్రిందులైంది. దూరపు పేలుళ్లు ఉండవలసినదానికంటె మసకగా ఉన్నాయి, అనగా ఇంకా దూరమున ఉన్నాయి. వేగము తగ్గుట లేదు, పెరుగుచున్నది!

ఒక సంవత్సరము ముందు అచ్చు వేయించిన మాటను తామే త్రోసివేయుట వారికి ఎట్లుండెనో మేము ఊహించగలము. అయినను వేయించారు. 1998లో అవతలి బృందము కూడా, వేరు లెక్కలతో, అదే జవాబునకు వచ్చింది. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము ఏ సంగతికైనను ఇద్దరు ముగ్గురు సాక్షులను కోరుచున్నది గదా. లోకము ఈ వింతను నమ్ముటకు కారణము ఆ రెండవ సాక్షియే. పెర్ల్‌మట్టర్, ష్మిట్, రీస్ ముగ్గురికీ 2011లో నోబెల్ బహుమానము వచ్చింది.

ఇట్టి దిద్దుబాటు క్రొత్తది కాదు. అమెరికాలో ఒక సంఘ కాపరి కుమార్తె హెన్రియెటా లీవిట్, వినికిడి బాగా తగ్గిన స్త్రీ, హార్వర్డ్ అబ్జర్వేటరీలో ఫోటో పలకలను చూచు కొలువు చేసేది. వెలుగు పెరుగుచు తరుగుచుండు సెఫీడ్ నక్షత్రములలో, ఎక్కువ దినములు పట్టేవి ఎక్కువ ప్రకాశము గలవని 1912లో ఆమె చూపింది. దూరమునకు ఒక కొలబద్ద అదే. దానితో ఎడ్విన్ హబుల్ 1929లో విశ్వ విస్తరణ వేగమును 500 అని తేల్చాడు. ఆ లెక్కన విశ్వము వయస్సు 200 కోట్ల సంవత్సరములే, భూమి మీది రాళ్లు అంతకంటె పాతవి. తల్లికంటె బిడ్డ పెద్దదైనట్లయింది! తప్పు ఎక్కడనో 1952లో వాల్టర్ బాడే చెప్పాడు. సెఫీడ్‌లు రెండు జాతులు, రెండింటినీ ఒకటే అనుకొన్నారు. నక్షత్రముల తప్పు ఏమీ లేదు. దూరములు ఒక్కసారిగా రెండింతలైనాయి. నేటి లెక్క 1380 కోట్ల సంవత్సరముల దగ్గర ఉన్నది.

(ఆదికాండముతో దీనిని పోల్చి వాదించుట మా శీర్షిక పని కాదు. విశ్వ విస్తరణను 1927లోనే చెప్పిన జార్జి లెమెత్రె ఒక కతోలిక గురువు. 1951లో పోపు ఆ సిద్ధాంతమును సృష్టికి సాక్ష్యముగా చెప్పినప్పుడు ఆయనకు అది నచ్చలేదు.)

మన హైదరాబాదుకూ ఈ కొలతల చరిత్రలో పాలు ఉన్నది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ప్రారంభించిన నిజామియా అబ్జర్వేటరీ తరువాత బేగంపేటకు మారింది. ఆకాశమునంతటిని ఫోటో తీసి నక్షత్రముల పట్టిక వేయు అంతర్జాతీయ పనిలో ఒక భాగము దానికి వచ్చింది. టి.పి. భాస్కరన్ గారి కాలములో ఏండ్ల తరబడి ఈ పని సాగింది. గాజు పలకల మీది చుక్కలను సూక్ష్మదర్శినితో చూచి లక్షల నక్షత్రముల స్థానములు వ్రాశారు. ఆ పథకములో మాకు ఎంతో నచ్చిన ఏర్పాటు ఒకటి ఉన్నది. ఒక పలక మూల మరొక పలకకు మధ్యగా వచ్చునట్లు తీయాలి. ప్రతి నక్షత్రము రెండు పలకలలో పడాలి. ఆ అబ్జర్వేటరీలో సహాయకునిగా పనిచేసిన బప్పు గారి కుమారుడే వైను బప్పు. నిజాం కళాశాలలో చదివి, భారతదేశపు ఖగోళశాస్త్రమునకు పెద్దదిక్కు అయ్యాడు. తమిళనాడులోని కావలూరు దూరదర్శినికి ఆయన పేరే పెట్టారు.

తమ్ముడా, నీవు అడిగిన "ఇంకోటి" ఈనాటికీ ఉన్నది. సెఫీడ్‌లతోను సూపర్నోవాలతోను కొలిచిన రీస్ బృందము 2022లో విస్తరణ వేగము 73 అన్నది. ఆ సంవత్సరము ఆ సూపర్నోవాల పట్టికలో 1,550 పేలుళ్లు చేరాయి. విశ్వపు తొలి వెలుగును కొలిచిన ప్లాంక్ ఉపగ్రహము లెక్క మాత్రము 67.4. తేడా చిన్నదే అనిపిస్తుంది గాని, ఇరువురు చెప్పుకొనే పొరబాటు హద్దులలో అది ఇమడదు. వెండీ ఫ్రీడ్‌మన్ బృందము జేమ్స్ వెబ్ దూరదర్శినితో చూచి 70 దగ్గర అంటున్నది. ఎక్కడో ఒక వాల్వు మూసుకొన్నదో, లేక మనకు తెలియని క్రొత్త సంగతి ఉన్నదో ఇంకా తేలలేదు. తేలలేదని వారే అచ్చు వేయించి చెప్పుచున్నారు. మేము వారిని నమ్ముటకు అది ఒక కారణము.

ఇక మా 46 పేర్ల సంగతి. ఆ రాత్రి మాలో ఒకరు, "జబ్బు అంటే అవకాశము చాలా తక్కువ, ఊరంతా భయపెట్టుట ఎందుకు?" అన్నారు. రెండవవారు జవాబు చెప్పలేదు. ఎవరు ఏది అన్నామో వ్రాయము. కుర్చీ మీద అప్పు ఇంకా తీరలేదు, ఊరు చిన్నది, మాట పాకుటకు ఒక అంగడి రోజు చాలును. తెల్లవారి మాకు చదువు చెప్పిన పెద్దాయనకు ఫోను చేశాము. అందరికీ చెప్పండి, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి పరీక్షలు ఇప్పుడు ఒకసారి, మూడు నెలలకు, ఆరు నెలలకు చేయించండి, ఖర్చు మీరే పెట్టుకోండి అన్నారు. అంతకంటె ఏమీ అనలేదు.

ఇంటింటికీ పోయాము. ఒకాయన గుమ్మములోనే నిలబెట్టి, "ఇంట్ల చిన్న పిల్లలున్నరు. రేపు ఏమన్న అయితే ఎవలు జిమ్మేదారి?" అన్నాడు. మేమే అన్నాము. ఆయన మళ్లీ మా క్లినిక్‌కు రాలేదు. పెంబి దగ్గర ఒక అవ్వ మాత్రము మంచము వాల్చి కూర్చోబెట్టి, "గింత దూరం వచ్చి చెప్పిండ్రు బిడ్డా, చెప్పకుంటె నాకెట్ల తెలుస్తుండె" అన్నది. అవ్వ మాటకే మాకు ఎక్కువ బాధ కలిగింది.

మొదటి పరీక్షకు 39 మంది వచ్చారు, ఆరు నెలల పరీక్షకు 31 మంది. వచ్చినవారందరికీ ఏమీ లేదనే వచ్చింది. రానివారిలో ఇద్దరు దుబాయికి పోయారు, ఫోనులో చెప్పాము. మిగిలినవారి సంగతి మాకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు ప్రతి రోజు పట్టీని తేదీ వేసి పుస్తకములో అంటిస్తున్నాము. పట్టీలు లేకుంటే ఆ రోజు పళ్లు తీయము, నిర్మల్ పంపుతాము. ఆ పద్నాలుగు రోజుల పుటలు మాత్రము ఖాళీగానే ఉంచాము. కొత్తగా పనికి వచ్చినవారికి మొదట అవి చూపిస్తాము.