గాడికి తగిన మొన



ఈ నెల మీకొక చిన్న పనిముట్టు సంగతి చెబుతాను. సైకిలు షాపులోనూ, కుట్టుమిషను సొరుగులోనూ మీరు దాన్ని చూసే ఉంటారు. అదే స్క్రూడ్రైవరు. "ఇందులో చెప్పడానికేముంది, మాస్టారూ?" అంటారేమో. ఉంది. కాని ముందు నేను చేసిన తప్పొకటి చెప్పాలి.

చాలా ఏళ్ల క్రితం అడ్డతీగల ప్రాంతంలో ఒక బడిలో పనిచేసేవాణ్ణి. ఒకనాడు బడి గోడగడియారం ఆగిపోయింది. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు, కమ్మరివారి అబ్బాయి, "నేను విప్పుతానండీ" అన్నాడు. నా సొరుగులోని స్క్రూడ్రైవరు ఇచ్చాను. "ఇది గాడిలో సరిగా కూర్చోవడం లేదండీ" అన్నాడు. "గట్టిగా నొక్కి తిప్పరా!" అన్నాను. తిప్పాడు. మొన జారింది. మరమేకు తలమీది గాడి చెడిపోయింది. అందరి ముందూ వాణ్ణి కోప్పడ్డాను. వాడు తల వంచుకుని వెళ్లిపోయాడు.

తప్పెవరిది? తొందరపడకండి. ముందు చెకుముకి తుపాకి సంగతి వినండి.

అగ్గిపెట్టెలు రాకముందు మన పెద్దలు చెకుముకి రాయిని ఉక్కుముక్కతో కొట్టి, రవ్వను దూదిమీద పట్టి నిప్పు చేసుకునేవారు. ఆ రవ్వ రాయిది కాదు సుమా! రాయి అంచు ఉక్కును గీరుతుంది. రాలిన ఇనుప రజను వేడెక్కి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది. అదే రవ్వ.

చెకుముకి తుపాకిలో జరిగేదీ ఇదే. మీట నొక్కగానే, దవడల మధ్య రాతిముక్కను పట్టుకున్న సుత్తి స్ప్రింగు బలంతో ముందుకు దూకి ఉక్కు పలకను గీరుతుంది. రవ్వలు చిన్న గిన్నెలోని మందుమీద పడతాయి. ఆ మంట సన్నని రంధ్రం గుండా గొట్టంలోకి పోయి అసలు మందును అంటిస్తుంది.

అడ్డతీగల అనగానే 1922 అక్టోబరు 15న అల్లూరి సీతారామరాజు అక్కడి పోలీసు స్టేషనుపై చేసిన దాడి మీకు గుర్తుకు వస్తుంది. అప్పటికి తూటా తుపాకులు వచ్చేశాయి. నేను చెప్పేది అంతకు చాలా ముందటి మాట. ఆ కొండలు దిగి పిఠాపురం వైపు వస్తే చందుర్తి ఉంది. అక్కడ 1758 డిసెంబరులో ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ యుద్ధం జరిగింది. ఆనాటి వారి కాల్బలాలు పట్టినవి చెకుముకి తుపాకులే.

కొన్నిసార్లు పేల్చేసరికి రాయి అంచు మొద్దుబారేది. అప్పుడు దవడల మరమేకును వదులు చేసి, రాయిని మార్చి, మళ్లీ బిగించాలి. రాయి కదిలితే రవ్వ రాదు. రవ్వ రాకపోతే తుపాకి కర్రతో సమానం! అందుకే సిపాయికి మర తిప్పే పనిముట్టు కావలసి వచ్చేది. ఇంగ్లీషువారు దాన్ని టర్న్‌స్క్రూ అనేవారు.

తుపాకులు బాగుచేసే పనివాడికి ఇవి ఒకటి చాలవు. ఆ రోజుల్లో మరమేకులు చేత్తో చేసినవి. ఒకదాని గాడి సన్నం, ఇంకొకదానిది వెడల్పు. ఒకదాని చోట మరొకటి పట్టదు. మరలన్నిటికీ ఒకే కొలత పద్ధతి ఉండాలని ఇంగ్లండులో విట్‌వర్త్ ప్రతిపాదించింది 1841లో. అప్పటికి చెకుముకి తుపాకుల కాలం తీరిపోతూ ఉంది.

కనుక మంచి పనివాడు మొనను ఆకురాయితో అరగదీసి, గాడి పొడవుకూ మందానికీ సరిపోయేట్టు చేసుకునేవాడు. మొన ఏటవాలుగా ఉంటే గాడి పై అంచులనే తాకుతుంది. తిప్పితే పైకి లేచి ఆ అంచులను చీలుస్తుంది. రెండు పక్కలూ సమంగా ఉంటే అడుగుదాకా దిగి నిండుగా పట్టుకుంటుంది. విప్పిన మరమేకులను వరుసగా పెట్టుకుని, దేన్ని దాని చోటనే బిగించాలి. పాత తుపాకులను భద్రపరచేవారు నేటికీ ఇలాగే చేస్తారు. అటువంటి మేకు పాడైతే బజారులో దొరకదు మరి!

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో పాత తుపాకులను చూడవచ్చు. ఒక మాట: ఎక్కడైనా పాత తుపాకి కనిపిస్తే ముట్టకండి. లోపల మందు ఉండవచ్చు. పెద్దలకు చెప్పండి.

ఇక మా గడియారం. మర్నాడు ఆ పిల్లవాడు తండ్రి కొలిమిలో చేయించుకున్న సన్నని మొన తెచ్చాడు. చెడిన గాడిని ఆకురాయితో కాస్త లోతు చేశాడు. మొన పెట్టి తిప్పాడు. మరమేకు మెత్తగా వచ్చేసింది!

ఆ సాయంత్రం నాకు నిద్ర పట్టలేదు. "సరిగా కూర్చోవడం లేదు" అని వాడు ముందే చెప్పాడు. విననిది నేను. మరుసటి ఉదయం ప్రార్థన వేళ, ఎందరి ముందు కోప్పడ్డానో వారందరి ముందే, "తప్పు నాదిరా అబ్బాయీ" అన్నాను. వాడు సిగ్గుపడి నవ్వాడు.

మొన గాడికి తగకపోతే బలం పనిని పాడుచేస్తుంది. ఆ సంగతి పని చేసే చేతికే ముందుగా తెలుస్తుంది. ఆ చేయి చిన్నపిల్లవాడిదైనా సరే, దాని మాట వినాలి.