సీటుకి ఆది ఇచ్చారా?

దర్జీకి రవికగుడ్డ ఇచ్చేటప్పుడు ఆది జాకెట్టు ఇవ్వకుండా వచ్చిన ఆడదాన్ని నేనింతవరకూ చూడలేదు. చంక దగ్గర అరంగుళం బిగిస్తే ఊరుకోం. మెడ పావంగుళం దిగితే చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా ఎండలో నడిచివెళ్ళి మరీ దెబ్బలాడి వస్తాం. అంత పట్టింపు గల మనం, రోజూ గంటసేపు ప్రాణాన్ని అప్పగించి కూర్చునే డ్రైవరు సీటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఎవరి ఆదికో కుట్టినదాంట్లో సర్దుకుని కూర్చుంటాం. చాలకపోతే కింద ఒక దిండు, వెనక ఒక దిండు! ఇదెక్కడి న్యాయమండీ?

నా సంగతే చెబుతాను. మాది అశోక్ నగర్. ఇంట్లో పన్నెండేళ్ళ నాటి జీపులాంటి బండి ఒకటుంది. మావారు ఉద్యోగరీత్యా కాలవగట్ల వెంట తిరిగిన మనిషి, అందుకని ఆ మోజు. ఆయన ఎత్తు అయిదడుగుల పదంగుళాలు. నేను అయిదడుగులు, చెప్పులతో కలిపి. పదేళ్ళపాటు ఆ సీటు ఆయనదే. రెండేళ్ళ క్రితం ఆయన కళ్ళకి నీటికాసుల జబ్బు అని తేలింది. డాక్టరుగారు ఇక బండి నడపొద్దన్నారు. అప్పట్నుంచి తాళంచెవి నా కొంగుకి చేరింది. కూరల మార్కెట్టుకీ, బ్యాంకుకీ, ఆయన్ని ఆస్పత్రికీ, మా అత్తగారిని త్యాగరాయ గానసభలో కచేరీకీ తీసుకెళ్ళేది నేనే.

తాళంచెవి నాకొచ్చింది గానీ సీటు నాకు రాలేదు. అందులో ఆయన ఆకారం అచ్చుపోసినట్టు దిగిపోయి ఉంది. నడిమధ్య గొయ్యి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రాసుకుని రాసుకుని కుడిపక్క అంచు నలిగి, రెగ్జిన్ చిట్లి, లోపలి స్పాంజి పళ్ళికిలిస్తోంది. ఆ గొయ్యిలో నేను కూర్చుంటే బానెట్టూ, దాని పైన కాస్త ఆకాశమూ తప్ప రోడ్డు కనబడదు. అందుకని దిండు. ఆ దిండు ఇందిరా పార్కు దగ్గర స్పీడు బ్రేకరు మీద ఎగిరినప్పుడల్లా ముందుకి జారుతుంది, దాంతోపాటు నేనూ. సాయంత్రానికి నడుం రెండు ముక్కలు.

"సీటు మార్పించాలండీ" అన్నాను ఓరోజు.

"దానికేమొచ్చిందోయ్? పదేళ్ళు నేను కూర్చోలేదూ?" అన్నారు మావారు.

"దిండుకి కొత్త గలీబు కుట్టిస్తాలే అమ్మాయ్" అన్నారు అత్తగారు, ఆవిడ శక్తికొద్దీ.

బెంగుళూరులో ఉన్న మావాడు మాత్రం ఫోనులో ఎగిరి గంతేశాడు. "అమ్మా, నువ్వేం దిగులు పడకు. నీకు అదిరిపోయే సీటు పంపిస్తున్నా!" అన్నాడు. పంపించాడు కూడా. నల్లటి సీటు, ఎర్ర దారంతో కుట్లు, రెండు పక్కలా జానెడేసి గట్లు, వీపు పైభాగాన రెండు కన్నాలు.

"ఒరేయ్, కొత్త సీటుకి కన్నాలేమిట్రా?"

"అవి రేసు బెల్టులు దూర్చుకోవడానికమ్మా. ఇది ఆఫ్ రోడ్ సీటు. కొండలూ గుట్టలూ ఎక్కేవాళ్ళు వేయించుకుంటారు."

కొండలూ గుట్టలూ! నేనెక్కే గుట్టలల్లా కవాడిగూడ చౌరస్తాలో వాన వెలిశాక తేలే గుంతల అంచులు. సరే, కొడుకు ప్రేమగా పంపాడు గదా అని దాన్ని వెనక వేసుకుని లోయర్ ట్యాంక్ బండ్‌కి వెళ్ళాను. కట్టమైసమ్మ గుడి దాటాక ఓ సందులో, సీట్లు కుట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మా బండి కొన్ననాడు నిమ్మకాయలు తొక్కించింది ఆ గుడి ముందే. టాపూ, సీట్ల కవర్లూ వేయించింది ఆయన దగ్గరే.

ఆయన కొత్త సీటుని అటూ ఇటూ తిప్పి చూసి, "గిది ఎవరి కోసం తెచ్చిన్రమ్మా?" అన్నాడు.

"నా కోసమే."

"మరి మిమ్మల్ని కూసోబెట్టి చూసిన్రా?"

నాకు నోట మాట రాలేదు. చూడలేదు మరి! దాన్ని చాప మీద పెట్టి నన్ను కూర్చోమన్నాడు. చీరతో ఆ పక్క గట్టు దాటడమే ఒక దొమ్మరి విద్య. దాటి కూర్చున్నాక, నా భుజాలకి ఆసరా ఇవ్వాల్సిన భాగం నా చెవుల దగ్గర ఉంది. సీటు పొడుగు ఎక్కువై, అంచు నా మోకాలి వెనక కోసుకుంటోంది. పాదం కిందికి ఆనాలంటే వీపు వదిలేయాలి, వీపు ఆనించాలంటే పాదం వదిలేయాలి. క్లచ్చు తొక్కేది పాదంతోనా, ఆశతోనా? పైగా దాని బోల్టు కన్నాలు మా బండి పట్టాలకి కలవవు, మధ్యలో మరో ఇనుప చట్రం పెట్టాలట. సీటు బెల్టు కొక్కెం పాత సీటుకే బిగించి ఉంది, దాన్ని ఎక్కడ బిగించాలన్నది ఇంకో ప్రశ్న. అది గట్టిగా లేకపోతే బెల్టు ఉన్నా లేనట్టే.

ఆ సీటు చెడ్డదని నేననను. రాళ్ళ మీదా ఇసుక దిబ్బల మీదా బండి ఒరిగిపోయేటప్పుడు మనిషి తొణక్కుండా పట్టి ఉంచడానికే ఆ గట్లు పెట్టారు. ఆ పని చేసే ఆరడుగుల కుర్రాడికి అది అమృతమే. కానీ నడిపే మనిషిని చూడకుండా సీటు కొనడం, పెళ్ళికూతుర్ని చూడకుండా పెళ్ళి రవిక కుట్టించడంలాంటిది. మన ఇళ్ళల్లో జరుగుతున్నది అదే. బండి రంగు ఆయన ఇష్టం, పాటల పెట్టె అబ్బాయి ఇష్టం, దిండు మాత్రం మనది!

ఇది మా ఇంటి గొడవే అనుకుంటే పొరపాటు. కార్ల భద్రత పరీక్షలు చేసేటప్పుడు మనుషులకు బదులు బొమ్మల్ని కూర్చోబెట్టి గోడకేసి గుద్దిస్తారు. దశాబ్దాలుగా వాడుతున్న ముఖ్యమైన బొమ్మ మగవాడిది. ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు, బరువు సుమారు 78 కిలోలు. ఆడబొమ్మ అని ఒకటుంది. అయిదడుగుల లోపు ఎత్తు, సుమారు 49 కిలోల బరువు. కానీ అది మగబొమ్మనే కుదించి చేసినట్టుంటుందనీ, దాన్ని చాలా పరీక్షల్లో పక్క సీట్లోనే కూర్చోబెడుతూ వచ్చారనీ పెద్ద ఫిర్యాదు. చూశారా, బొమ్మకి కూడా డ్రైవరు సీటు దక్కలేదు!

దాని ఫలితం ఏమిటంటారా? అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 1998 నుంచి 2008 వరకు జరిగిన ప్రమాదాల లెక్కలు తీసి 2011లో ప్రకటించారు. ఒకే తరహా ప్రమాదంలో, బెల్టు పెట్టుకున్న మగ డ్రైవర్ల కంటే బెల్టు పెట్టుకున్న ఆడ డ్రైవర్లకు తీవ్రమైన గాయాలు తగిలే అవకాశం 47 శాతం ఎక్కువని తేలింది. మనం పొట్టిగా ఉండటమూ, స్టీరింగుకి దగ్గరగా కూర్చోవలసి రావడమూ కారణాల్లో ఉన్నాయన్నారు. మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఎత్తు సుమారు అయిదడుగులే. మన గతేమిటో మీరే ఊహించుకోండి.

"పొట్టివాళ్ళకి అంత పెద్ద బండి ఎందుకు?" అనే పెద్దమనుషులు ఉంటారు. వాళ్ళకి నా జవాబు ఇది. అప్పటి నల్గొండ జిల్లా తండాలో పుట్టిన సరిత అనే అమ్మాయి 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొట్టమొదటి మహిళా బస్సు డ్రైవరు అయింది. బస్సే నడిపిన ఆడవాళ్ళకి జీపు పెద్దదా? బండి పెద్దదవడం కాదు ఇబ్బంది, సీటు మనదవకపోవడం. మా ఇంటికి కాస్త దూరంలో, పైన ట్యాంక్ బండ్ మీద, 1986లో నిలబెట్టిన విగ్రహాల వరసలో రుద్రమదేవి ఉంది. ఆవిడ ఓరుగల్లు సింహాసనం ఎక్కినప్పుడు శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగపేరు చెక్కించుకోవలసి వచ్చింది. సింహాసనం మగవాడి ఆదికి ఉంటే పేరు మార్చుకుని కూర్చుంది, పాపం. ఏడువందల ఏళ్ళు దాటినా మనమింకా దిండు వేసుకునే కూర్చోవాలా?

దిండు వేసుకుంటే నష్టమేమిటంటారేమో. ఉంది. మెత్తటి దిండు మీద కూర్చుంటే, హఠాత్తుగా బ్రేకు పడ్డప్పుడు ఒళ్ళు ముందుకి జారుతుంది. తుంటి ఎముకల మీద ఉండాల్సిన బెల్టు పొట్ట మీదికి ఎక్కుతుంది. వీపు వెనక దిండు పెడితే స్టీరింగుకి మరీ దగ్గరవుతాం. 2019 జూలై నుంచి అమ్మే కొత్త కార్లలో డ్రైవరు ఎదుట ఎయిర్ బ్యాగు తప్పనిసరి గదా. అది విచ్చుకునే వేగానికి మన రొమ్ముకీ స్టీరింగుకీ మధ్య కనీసం పదంగుళాలు ఉండాలంటారు. కొన్ని బళ్ళలో పక్క ఎయిర్ బ్యాగు సీటు కుట్టులోనే దాగి ఉంటుంది. అలాంటి సీటు పీకేసి బయటి సీటు పెట్టినా, దాని మీద మందపాటి కవరు తొడిగినా, ఆపద్బాంధవుణ్ణి మూటగట్టి అటక మీద పెట్టినట్టే.

ఇంకో మాట. సీటు ఎత్తు పెంచే మీట ఒకటి ఉంటుంది, చూశారా? చాలా బళ్ళలో దాన్ని పై రకానికే పెట్టి, తక్కువ ధర రకానికి ఎగ్గొడతారు. అంటే మనం రోడ్డు చూడటం విలాసం కింద లెక్క! బండి కొనేటప్పుడు పాటల పెట్టె సంగతి తర్వాత, ముందు ఆ మీట అడగండి. ఇప్పటికే ఉంటే వాడండి. మా పక్కింటి పిన్నిగారు మూడేళ్ళు దిండు మీద కూర్చుని నడిపాక, సీటు పక్కన ఆ మీట ఉన్నట్టు కనిపెట్టారు. ఇంట్లో మగవాళ్ళకి దాని అవసరం రాలేదు గనక ఎవరూ చెప్పలేదుట!

ఇంతకీ నేనేం చేశానంటే, కొత్త సీటు పక్కన పెట్టించి పాత సీటుకే పని చేయించాను. దాని ఇనుప చట్రం, పట్టాలు, బెల్టు కొక్కెం ఎక్కడివక్కడే ఉంచాడు పెద్దాయన. నన్ను బండిలో కూర్చోబెట్టి టేపు పట్టుకున్నాడు. క్లచ్చు పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండాలన్నాడు. వీపు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచుకి తగలాలన్నాడు. తలవెనక దన్ను నా తలకి వెనకే ఉండాలి గానీ మెడ వెనక కాదన్నాడు. నలభై ఏళ్ళలో నాకు జాకెట్టు కొలతలు తప్ప సీటు కొలతలు తీసిన మొదటి మనిషి ఆయనే. గొయ్యి తీసేసి గట్టి ఫోము వేశాడు, ముందంచు తగ్గించాడు, నడుం దగ్గర కాస్త ఎత్తు పెట్టాడు. ఖర్చు, మావాడు పంపిన సీటు ఖరీదులో నాలుగోవంతు కూడా కాలేదు.

పాత స్పాంజి బయటికి తీసి పక్కన పెట్టినప్పుడు, నాతో వచ్చిన మావారు దాన్ని చేత్తో తడిమారు. "పారేస్తారా?" అని నెమ్మదిగా అడిగారు. అప్పుడు తెలిసింది నాకు, "దానికేమొచ్చిందోయ్" అన్నది సీటు గురించి కాదని. చూపు తగ్గిన మనిషికి తను నడిపిన రోజులు ఆ గోతిలో మిగిలి ఉన్నాయి. నా గుండె కలుక్కుమంది. కానీ ఒకటి చెప్పనా? ప్రేమ వేరు, సీటు వేరు. ఆయన గోతిలో నేను జారిపడుతూ నడిపితే ఆయన రోజులు తిరిగిరావు. నా నడుం మాత్రం పోతుంది. పైగా ఆయన్ని ఆస్పత్రికి క్షేమంగా చేర్చాల్సింది ఆ సీట్లో కూర్చున్న నేనే గదా!

తిరుగు ప్రయాణంలో రోడ్డు మొత్తం కనబడింది. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా 2023లో వేసిన స్టీలు వంతెన ఎక్కి, పనిలేకపోయినా ఓసారి అటూ ఇటూ తిప్పుకొచ్చాను. మావారు పక్కన కూర్చుని, "బాగానే నడుపుతున్నావే" అన్నారు. రెండేళ్ళుగా నడుపుతున్నాను, ఆరోజే కనబడింది కాబోలు.

మరి ఆఫ్ రోడ్ సీటు ఏమైందంటారా? కింద రెండు చెక్కదిమ్మెలు బిగించి వరండాలో వేయించాను. సాయంత్రం పూట మావారు అందులో కూర్చుని రేడియో వింటారు. భుజాలు సరిగ్గా ఆనతాయి, మోకాళ్ళు సరిగ్గా వంగుతాయి. అది ఆయన ఆదికి కుట్టిన సీటే మరి!

మావాడికి ఆ ఫోటో పంపి, కింద ఒక్క ముక్క రాశాను: "నాన్నా, మళ్ళీ సీటు పంపేముందు ఆది అడుగు."