కుందేలూ, ముప్పై కుట్లూ, నా అతితెలివీ

మొన్న దసరాకి గద్వాల వెళ్ళినప్పుడు మా అక్క కూతురు ఓ ప్రింటవుట్ పట్టుకుని నా మీదకొచ్చింది. తనకి పదేళ్ళు. రెండు నెలల తమ్ముడికి ఊలుతో కుందేలు బొమ్మ అల్లాలట. 2020 లాక్‌డౌన్‌లో నేను వీడియోలు చూసి రెండు సూదుల అల్లిక నేర్చుకున్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు (అందరూ నవ్వారు కూడా). కాబట్టి ఈ ప్రాజెక్టుకి టెక్ లీడ్ నేనే అన్నమాట :)

పాటర్న్ చూస్తే నాలుగు ముక్కలు. సూది మీద 30 కుట్లు ఎక్కించు. చదరం వచ్చేదాకా ప్రతి వరసా నిట్ కుట్టే వేసుకుంటూ పో. ముగించు. ఆ చదరం పైసగంలో త్రికోణంలా దారం గుచ్చి, దూది పెట్టి లాగితే తల వస్తుంది, పై మూలలు చెవులవుతాయి, మిగతాది ఒళ్ళు. బొమ్మ కదా, దూది బయటికి కనబడకుండా ఊలు లేబుల్ మీద చెప్పినదానికన్నా సన్న సూదులు తీసుకున్నాం. పసివాడు నోట్లో పెట్టుకుంటాడని కళ్ళకి గుండీలు వద్దు, నల్లదారంతో కుట్టేద్దాం అనుకున్నాం. ఇంకేం, అయిపోయినట్టే అనుకున్నా.

రెండో రోజు సాయంత్రానికి ముప్పై కుట్లు ముప్పై నాలుగయ్యాయి. చదరం కాస్తా విసనకర్ర అయింది. అల్లిక కొత్తగా మొదలుపెట్టిన చాలామందికి వచ్చే బగ్గే ఇది. వరస అయిపోయి సూది తిప్పుకున్నాక, దారం సూది కింద వేలాడాలి. దాన్ని సూది మీదుగా వెనక్కి లాగితే మొదటి కుట్టు రెండు కుట్లలా కనిపిస్తుంది. పిల్ల రెండూ అల్లేస్తుంది. ఎక్కడా ఎర్రర్ రాదు. పది వరసల తర్వాత చూస్తే ఏదో తేడాగా ఉంటుంది, అంతే.

నేనేం చేశానంటే, తను పడుకున్నాక మొత్తం విప్పేసి, తను అల్లినంతా నేనే నీటుగా మళ్ళీ అల్లి పెట్టేశా. పొద్దున్న మెచ్చుకుంటుందనుకున్నా. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నువ్వు అల్లినావ్ గద మామా" అని మంచం మీద పెట్టేసి ఆడుకోడానికి వెళ్ళిపోయింది. ఆ రోజంతా దాన్ని ముట్టుకోలేదు.

మా వీధిలో ఓ పెద్దాయన ఉన్నాడు. నూలు చీరకి పట్టు అంచు పెట్టి నేస్తూ ముప్పై ఏళ్ళు మగ్గం మీద గడిపినవాడు. చాయ్ తాగుతూ ఈ కథంతా విని, "మా నాయన నాకు మొదలు నేసుడు నేర్పలే. కండెలు చుట్టమన్నడు. తర్వాత తెగిన పోగు అతకమన్నడు. మగ్గం మీద కూసునేది ఆ ఎన్కనే" అన్నాడు.

బుర్రలో బల్బు వెలిగింది. మనవాళ్ళు కంప్యూటర్ చరిత్ర చెప్పాలంటే 1804 నాటి జకార్డ్ మగ్గం, దాని చిల్లుల అట్టలతో మొదలెడతారు. ఆ అట్టలు డిజైన్ మొత్తం చెబుతాయి, తెగిన పోగు సంగతి మాత్రం చెప్పవు. అది నేతగాడి చేతిలో ఉండాలి. మా కుందేలు పాటర్న్ కూడా అంతే. ఏం చెయ్యాలో రాసి ఉంది. తప్పు జరిగిందని ఎలా తెలుస్తుందో, తెలిశాక ఏం చెయ్యాలో రాసి లేదు. నేర్పేవాడు చెప్పాల్సింది సరిగ్గా ఆ రాయని భాగమే. నేనేమో అది వదిలేసి, రాసి ఉన్నదాన్ని నేనే చేసి పెట్టా.

సాయంత్రం ఆ ముక్క తన చేతే విప్పించా. ఈసారి రెండే నేర్పా. ఒకటి, ప్రతి వరస చివరా లెక్కపెట్టడం. రెండు వరసలకి ఒక గట్టు తేలుతుంది. ముప్పై కుట్లకి సుమారు ముప్పై గట్లు వస్తే చదరం. మూలకి మూల మడిచి చూస్తే తెలిసిపోతుంది. రెండోది, ఒక్కో కుట్టూ వెనక్కి విప్పడం. కావాలనే తప్పు చేయించి మరీ విప్పించా. ఆ తర్వాత నేను చేతులు కట్టుకుని కూర్చున్నా. నిజం చెప్తున్నా, అల్లడం కన్నా అదే కష్టం. తను ముప్పై ఒకటి లెక్కపెట్టి, నా మొహం చూడకుండా తనే విప్పుకున్న రోజున నాకు ఏ రిలీజుకీ కలగనంత ఆనందం కలిగింది.

ఆఫీసులో నేను చేసేదీ ఇదేనని అప్పుడు గుర్తొచ్చింది. కొత్తగా చేరిన కుర్రాడు ఎర్రర్ చూపిస్తే "జరుగు" అని కీబోర్డు లాక్కుని రెండు నిమిషాల్లో సరిచేస్తా. థాంక్స్ చెబుతాడు. మర్నాడు అదే ఎర్రర్‌తో మళ్ళీ వస్తాడు. వీడికి రాదు అని నేననుకుంటా, నాకు రాదు అని వాడనుకుంటాడు. ఇద్దరికీ అలా అనిపించేలా చేసింది నా సాయమే. రిలీజు రాత్రి కీబోర్డు లాక్కోక తప్పదు, ఒప్పుకుంటా. కానీ ఏడాదిలో అన్ని రాత్రులూ రిలీజు రాత్రులు కావు కదా.

అన్నట్టు, కుందేలు పూర్తయింది. ఒక చెవి ఇంకోదానికన్నా పొడుగు. సరిచేస్తానంటే ఇవ్వలేదు. "ఇది నేను అల్లిన" అంది.

మరి మీ టీములో కీబోర్డు ఎవరి చేతిలో ఉంటోంది?