త్రీనాట్‌త్రీ తాతలు... ఎం416 మనవలు

"ఏకేఎం గొప్పదా? ఎం416 గొప్పదా?"

ఏలూరులో ఏ కాలేజీ గేటు దగ్గరో, తాడేపల్లిగూడెంలో ఏ టీకొట్టు దగ్గరో నిలబడి ఈ ప్రశ్న ఒక్కటి వదిలి చూడండి. అయిదు నిమిషాల్లో కుర్రాళ్లు రెండు పార్టీలుగా చీలిపోతారు. ఏకేఎం దెబ్బ తగిలితే మళ్లీ లేచే పనే లేదని ఒక పార్టీ. తగిలితే కదరా, అది కాలుస్తుంటే గురి ఆకాశంలోకి పోతుంది, ఎం416 అయితే గీత గీసినట్టు వెళ్తుందని రెండో పార్టీ. దేనికి ఏ స్కోపు బిగించాలో, ఏది ఎంత దూరం కొడుతుందో, ఒక్కో మ్యాగజైన్‌లో ఎన్ని గుళ్లు పడతాయో అన్నీ కంఠతా వచ్చు. పదమూడో ఎక్కం మాత్రం అడక్కండి!

ఇంత తెలిసిన ఈ ఆయుధ నిపుణుల్లో చాలామంది నిజం తుపాకీని బ్యాంకు గేటు దగ్గర గార్డు చేతిలో తప్ప చూసి ఉండరు. అంతా సెల్‌ఫోన్‌లోని పబ్‌జీ, దాని తమ్ముడు బీజీఎంఐ నేర్పిన చదువు.

తమాషా ఏమిటంటే, ఆ చదువు ఎంతవరకు నిజమో చెప్పగలిగిన ఊరు తాడేపల్లిగూడెం మండలంలోనే ఉంది. మాధవరం. చుట్టుపక్కల వాళ్లు 'మిలిటరీ మాధవరం' అంటేనే గుర్తుపడతారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి వెయ్యికి పైగా వెళ్లారని ఆ ఊరు చెప్పుకునే లెక్క. తరవాతి యుద్ధాలకూ పంపింది. తాత, తండ్రి, మనవడు వరసగా సైన్యంలో పనిచేసిన ఇళ్లు అక్కడ అరుదేమీ కాదు. ఊళ్లో అమరుల స్మారకమూ ఉంది. కుర్రాళ్లు తెర మీద వేలితో తిప్పే తుపాకుల్లో కొన్నింటిని ఆ ఊరివాళ్లు భుజాన మోశారు.

అసలు ఈ తుపాకుల పిచ్చి మన ఊళ్లకు సెల్‌ఫోన్‌తో వచ్చింది కాదు. 2000లో వచ్చిన 'ప్రాజెక్ట్ ఐజీఐ' ఆడటానికి నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి కూర్చున్న కుర్రాళ్లే ఇప్పుడు నాన్నలు. నార్వే కంపెనీ తయారుచేసిన ఆ ఆటలో ఒక్కడే మనిషి స్థావరాలన్నీ తుడిచిపెట్టేవాడు. మధ్యలో చచ్చిపోతే మిషన్ మళ్లీ మొదటి నుంచీ ఆడాలి. అదే కాలంలో 'కౌంటర్ స్ట్రైక్'. అందులో ఏకే-47 చూసి 'అచ్చం అసలుదే' అనుకున్నవాళ్లు ఇప్పుడు ఒకసారి పాత బొమ్మ వెతికి చూడండి. బోల్టు పిడి ఎడమవైపు ఉంటుంది! నిజం ఏకేకి అది కుడివైపు. బొమ్మల్ని మొదట ఎడమచేతి వాటంతో గీశారు. తరవాత కుడిచేతిలోకి మార్చడానికి అద్దంలో ప్రతిబింబంలా తిప్పేశారు. ఏళ్ల తరబడి లక్షలమంది ఆ తిరగేసిన తుపాకీతోనే గెలిచారు, ఓడారు. ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు.

అప్పటితో పోలిస్తే ఇప్పటి ఆటలు చాలా ముందుకొచ్చాయి. పబ్‌జీలో ఎస్సెల్లార్ అని ఒక రైఫిల్ ఉంది. కుర్రాళ్లకది దూరం నుంచి కొట్టడానికి పనికొచ్చే తుపాకుల్లో ఒకటి. మాధవరం పెద్దలకు అది జీవితంలో ఒక భాగం. 1962 చైనా యుద్ధంలో మన జవాన్లలో చాలామంది చేతిలో ఉన్నది ప్రపంచ యుద్ధాల నాటి త్రీనాట్‌త్రీ. ఒక గుండు పేల్చి, బోల్టు లాగి, మళ్లీ తోసి, ఇంకో గుండు పేల్చాలి. ఆ తరవాతే ఎస్సెల్లార్ విస్తారంగా వచ్చింది. మీట నొక్కిన ప్రతిసారీ ఒక గుండు, మధ్యలో బోల్టు లాగే పని లేదు. 1965లో, 1971లో పోరాడింది దీనితో. కార్గిల్ నాటికి దాని చోటును చాలావరకు ఇన్సాస్ తీసుకుంది.

మరి ఆటలో ఎస్సెల్లార్ ఎలా ఉంది? తన్ను గట్టిగానే ఉంది. ఒక్కో గుండే పేలుతుంది, అదీ సరే. మ్యాగజైన్‌లో మాత్రం పదే గుళ్లు పెట్టారు. పెద్ద మ్యాగజైన్ దొరికితే ఇరవై. అసలు ఎస్సెల్లార్‌కు మామూలుగానే ఇరవై. ఆటలో అందరికీ సమంగా గెలిచే వీలుండాలి కాబట్టి బలమైన తుపాకీకి ఏదో ఒక కోత పెడతారు. ఆయుధ కర్మాగారానికి ఆ బాధ లేదు.

ఇంతకంటే పెద్ద తిరకాసు గుళ్ల దగ్గరుంది. ఆటలో '7.62' అని ఒక పెట్టె దొరికితే చాలు... ఏకేఎంలో పెట్టండి, ఎస్సెల్లార్‌లో పెట్టండి, జర్మన్ కార్98కేలో పెట్టండి, అన్నింటికీ సరిపోతుంది. బయట అది కుదరదు. ఏకేఎం గుండు పొట్టిది, 39 మిల్లీమీటర్ల తూటా గొట్టం. ఎస్సెల్లార్‌ది 51 మిల్లీమీటర్లు. కార్98కే వాడేది అసలు 7.62 కానే కాదు, 7.92. ఒకదాని గుండు ఇంకోదానిలో పెట్టాలని చూడటం లారీ టైరును స్కూటర్‌కు బిగించాలని చూడటమే. యుద్ధంలో సరైన గుళ్ల పెట్టె సరైన దళానికి చేర్చడమే సగం పని. ఆటలో ఆ సగమూ ఎగిరిపోయింది.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. టీకొట్టు దగ్గర కుర్రాళ్ల తగవు చిన్నపిల్లల తగవని కొట్టిపారేయకండి. ఏకేఎం, ఎం416 తగవంటే బరువైన 7.62 గుండా, తేలికైన 5.56 గుండా అన్న తగవే. మన సైన్యమూ దశాబ్దాలుగా దాన్నే తేల్చుకుంటోంది. ఎస్సెల్లార్ గుళ్లు వంద మోస్తే రెండున్నర కిలోల దాకా బరువు. 5.56 గుళ్లయితే అందులో సగమే. అంటే అదే బరువుకు రెట్టింపు గుళ్లు, తన్నూ తక్కువ. ఆ లెక్కతోనే 1990ల్లో 5.56 గుండుతో ఇన్సాస్ వచ్చింది. 1999 కార్గిల్ చలిలో దాని ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయని ఫిర్యాదులొచ్చాయి. తగిలినా శత్రువు పడిపోవడం లేదన్న విమర్శా వచ్చింది. చివరికి 2019లో 72,400 సిగ్716 రైఫిళ్లకు ఆర్డరిచ్చారు. 2021లో ఆరు లక్షలకు పైగా ఏకే-203 రైఫిళ్లు అమేఠీ దగ్గర కోర్వాలో తయారుచేయడానికి ఒప్పందం కుదిరింది. రెండూ 7.62లే. కాకపోతే రెండింటి గుళ్లు వేరు. ఆ విధంగా ఏకేఎం పార్టీ ప్రస్తుతానికి గెలిచింది!

ఆటల వాళ్లు మెచ్చుకోదగ్గంత బాగా పట్టుకున్నది గుండు ప్రయాణాన్ని. కౌంటర్ స్ట్రైక్‌లో మీట నొక్కిన క్షణంలోనే అవతల తగిలేది. పబ్‌జీలో అలా కాదు. గుండు వెళ్లడానికి సమయం పడుతుంది, దూరం పెరిగేకొద్దీ కిందికి వాలుతుంది, పరిగెత్తేవాణ్ని కొట్టాలంటే కాస్త ముందుకు గురి చూడాలి. ఇదంతా నిజమే. చప్పుడు సంగతి కొల్లేటి గట్టు మీద ఊహించుకుంటే సులువుగా అర్థమవుతుంది. నీళ్లకు అవతల 340 మీటర్ల దూరంలో ఎవరో ఎస్సెల్లార్ పేల్చారనుకుందాం. పేలిన చప్పుడు మన చెవికి చేరడానికి ఒక సెకను. గుండుకు అందులో సగం చాలు. అంటే చప్పుడు విని తల వంచుకోవడమన్నది సినిమాల్లోనే. సైలెన్సర్ బిగిస్తే 'టుక్'మనడం కూడా సినిమా వాటమే. ఉరుము కాస్తా పెద్ద టపాకాయ అవుతుంది, అంతే. గుండు ధ్వనికంటే వేగంగా వెళ్తూ గాలిని చీల్చే చప్పుడును ఏ గొట్టమూ ఆపలేదు.

కొల్లేరు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఆటల్లో అన్యాయమైపోయిన ఆయుధం షాట్‌గన్. బ్యాంకు గార్డు చేతిలోని డబుల్ బ్యారెల్ ఆ జాతిదే. ఆటలో అది గదిలో ఎదురెదురుగా ఉంటేనే పనిచేస్తుంది, పది అడుగులు దాటితే దండగ. అసలు దాన్ని తయారుచేసుకున్నదే ఎగిరే పిట్టల కోసం. ముప్ఫై, నలభై మీటర్ల ఎత్తులో పోయే బాతును దించడానికి! అంతమాత్రాన ఎవరూ కొల్లేటి మీద పరీక్షించబోకండి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. ఆటపాక గూడబాతుల మీద గులకరాయి విసిరినా తప్పే.

అట్లపెనం సంగతి మరిచిపోతే పబ్‌జీ అభిమానులు ఊరుకోరు. వీపుకు కట్టుకున్న పెనం ఏ గుండునైనా ఆపేస్తుంది. నిజం రైఫిల్ ముందు ఆ పెనం చిల్లుల గరిటె అవుతుంది. అది ఆటవాళ్లకూ తెలుసు, ఆడేవాళ్లకూ తెలుసు. ఆ అబద్ధంతో పేచీ లేదు. పేచీ అంతా అబద్ధమని తెలియకుండా నమ్మించే వాటితో.

బరువు అలాంటిదే. ఆటలో ఒక్కడే రెండు రైఫిళ్లు, ఒక పిస్తోలు, వందల గుళ్లు, బాంబులు వేసుకుని మైళ్లకు మైళ్లు పరిగెడతాడు. ఆయాసం రాదు. గుళ్లు నింపిన ఎస్సెల్లార్ ఒక్కటే దాదాపు 5 కిలోలు. అగ్నివీర్ ఎంపికలో పూర్తి మార్కులు రావాలంటే 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెత్తాలి. అదీ ఏ బరువూ లేకుండా! అక్కడే చాలామంది కుర్రాళ్లు వెనుదిరుగుతారు. ఇక తూటా తగిలినవాడు కట్టు కట్టుకుని కొన్ని సెకన్లలో లేచి పరిగెత్తడం గురించి, స్మారకం మీద పేర్లున్న ఊళ్లో మాట్లాడకపోవడమే మర్యాద.

అంతకంటే కనపడని అబద్ధం మ్యాగజైన్‌ది. ముప్ఫైలో అయిదు గుళ్లు పేల్చగానే కుర్రాడి బొటనవేలు మళ్లీ నింపే బొత్తాం మీదికి పోతుంది. మిగిలిన పాతికా ఏమయ్యాయి? వాటంతటవే సంచిలోకి చేరిపోతాయి. నిజానికి అవి తీసేసిన మ్యాగజైన్‌లోనే ఉంటాయి. తీరిక దొరికినప్పుడు కూర్చుని ఒక్కొక్కటీ చేత్తో నింపుకోవాలి. 'ఆర్మా', 'ఇన్‌సర్జెన్సీ' లాంటి కొన్ని ఆటలు ఈ లెక్క పాటిస్తాయి. అందుకే వాటిని ఆడేవాళ్లు తక్కువ. 2008లో వచ్చిన 'ఫార్ క్రై 2'లో అయితే తుపాకీ తుప్పుపట్టి సరిగ్గా ప్రాణం మీదికొచ్చినప్పుడే మొరాయించేది. సైనికుడి రోజులో తుపాకీ తుడుచుకునే సమయం పేల్చే సమయం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. తుడిచే ఆట ఎవరు కొంటారు?

ఫైరింగ్ రేంజిలో ఇంకో తంతు ఉంటుంది. గుళ్లు లెక్కపెట్టి ఇస్తారు. పేల్చాక నేల మీద పడిన ఖాళీ గొట్టాలను ఏరుకుని లెక్కపెట్టి అప్పగించాలి. సైనికుల భాషలో 'ఖోకా'లు. ఒక్క ఖోకా తగ్గితే గడ్డిలో వెతుకులాటే. స్కూల్లో ఎన్‌సీసీలో చేరి పాయింట్ టూటూ రైఫిల్ పేల్చినవాళ్లకు ఈ సంగతి తెలుసు. పిల్లాడు ఆట ఆడి తుపాకీ కాల్చడం నేర్చేసుకుంటాడేమోనని భయపడే అమ్మలకు ఇది కాస్త ఊరట. శ్వాస బిగపట్టి, మీటను మెల్లగా నొక్కి, భుజం మీద తన్ను కాచుకునే విద్య బొటనవేళ్లకు రాదు. రాత్రి రెండింటి దాకా మెలకువ, పరీక్షల్లో తప్పడం, అప్పుచేసి కొత్త తుపాకీ రంగులు కొనుక్కోవడం... భయపడాల్సినవి అవి. అన్నట్టు, 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీని నిషేధించింది హింస ఎక్కువైందని కాదు, మన సమాచారం చైనాకు పోతోందన్న అనుమానంతో. ఆటను తయారుచేసిన కొరియా కంపెనీ 2021లో బీజీఎంఐగా తెచ్చింది. 2022 జులైలో అదీ ఆగింది, 2023 మేలో తిరిగొచ్చింది.

సైన్యమే ఆట తయారుచేస్తే ఎలా ఉంటుంది? అమెరికా సైన్యం 2002లో 'అమెరికాస్ ఆర్మీ' పేరుతో ఊరికే పంచిపెట్టింది. ఉద్దేశం కుర్రాళ్లను సైన్యంలోకి రప్పించడమే. అందులో ముందు శిక్షణలో పాసవ్వాలి. వైద్య సహాయకుడు కావాలంటే పాఠం విని పరీక్ష రాయాలి. సరదాకి శిక్షకుడి మీద తుపాకీ పేలిస్తే ఆటగాడు సైనిక జైలు గదిలో తేలేవాడు. ఇరవై ఏళ్లు నడిచి 2022లో మూతపడింది.

మన దేశంలో 'ఫౌజీ' అనే ఆట 2021 జనవరి 26న విడుదలైంది. కథ గల్వాన్ లోయది. 2020 జూన్ 15 రాత్రి అక్కడ మనవాళ్లు 20 మంది చనిపోయారు. వాళ్లకు నాయకత్వం వహించిన కర్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. ఆ గణతంత్ర దినోత్సవానికే ఆయనకు మహావీర్ చక్ర ప్రకటించారు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఎవరూ తుపాకీ పేల్చకూడదని 1996లో భారత్, చైనా రాసుకున్న ఒప్పందం ఉంది. ఆ రాత్రి పోరు రాళ్లతో, కర్రలతో, చేతులతోనే సాగింది. ఆట తయారుచేసినవాళ్లు దానికి కట్టుబడి మొదటి భాగంలో తుపాకీ అన్నదే లేకుండా చేశారు. ఆయుధాల విషయంలో ఇంత నిజాయతీగా ఉన్న ఆట మరొకటి వెతికితే దొరకడం కష్టం. పబ్‌జీకి బదులు దొరుకుతుందని ఎదురుచూసిన కుర్రాళ్లు మాత్రం ఉసూరుమన్నారు. తుపాకీ లేని ఆటేమిటన్నారు, రేటింగు పడిపోయింది. కొన్ని నెలలకు తుపాకులతో ఆడే జట్టు పోటీలు అందులో చేర్చారు.